ఎక్స్‌రే గదిలో మనోళ్ళు

మా ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పిల్లల్ని ప్రతి ఏడూ ఒక ప్రశ్న అడుగుతాను. "చదువు అయిపోయినంక ఏం జేస్తరు?" అని. ఇరవై ఏండ్ల సంది జవాబులు పెద్దగా మారలేదు. మగపిల్లలు పోలీసు అంటారు, లేకుంటే ఫారెస్టు బేస్‌క్యాంపు వాచరు అంటారు. ఆడపిల్లలు నర్సమ్మ అంటారు, టీచరమ్మ అంటారు. వాళ్ళను తప్పుపట్టేది ఏమీ లేదు. పెంటకు వచ్చే ఉద్యోగస్తులు ఎవరు? ఫారెస్టాయన, ఏఎన్‌ఎమ్ అక్క, బడి సారు. కండ్లతో చూసిన పనినే పిల్లలు కోరుకుంటారు. చూడని పనికి పేరు కూడా తెలియదు.

పిల్లలెవరూ నాకు ఇప్పటిదాకా చెప్పని ఒక పని గురించి ఈ వ్యాసంలో రాస్తున్నాను. అది ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే పని. సర్కారు కాగితాల్లో రేడియోగ్రాఫర్ అని, చదువుల్లో ఇమేజింగ్ టెక్నీషియన్ అని, ఇంకా పెద్ద చదువైతే రేడియాలజీ టెక్నాలజిస్టు అని రాస్తారు. మన ఊళ్ళలో మాత్రం "ఫొటో తీసేటాయన".

నేను చెంచువాణ్ణి. అమ్రాబాదు పీఠభూమి మీద ఒక పెంటలో పుట్టాను. ఆశ్రమ పాఠశాలలో, హాస్టళ్ళలో చదివి టీచర్ ట్రైనింగ్ చేశాను. నా వయసు వాళ్ళకు అదే పెద్ద దారి. 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. ఆ జీవో మమ్మల్ని ఎందరినో నిలబెట్టింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. అప్పటి నుంచి టీచర్ ట్రైనింగ్ చేసి ఇంటి దగ్గర కూర్చున్న మన పిల్లల్ని చూస్తున్నాను. ఒకే దారి మీద అందరం నడిస్తే ఆ దారి మూసుకున్ననాడు అందరం ఆగిపోతాం. అందుకే వేరే దారులు వెతకాలి. వెతికేటప్పుడు అవి మన జనానికి అక్కరకొచ్చే దారులైతే ఇంకా మంచిది.

ఎక్స్‌రే తీసే మనిషి అక్కర ఎంతో మా ఇంట్లో ఒక దెబ్బతో తెలిసింది. తేనె తీయడం మా కులవృత్తి అని అందరికీ తెలుసు. కొండ చరియ మీది నుంచి తాడు కట్టుకొని దిగితే ఆ తాడును బావమరిదే పట్టుకోవాలి. అక్కచెల్లెలు పుస్తె తెగకూడదు కాబట్టి వాడు ప్రాణం పోయినా తాడు వదలడని పెద్దల లెక్క. మా చిన్నాయన చరియ మీద ఎన్నోసార్లు దిగి ఎక్కిన మనిషి. అట్లాంటాయన ఒకనాడు చెట్టు కొమ్మ విరిగి కింద పడ్డాడు. తొడ దగ్గర కాలు కదలలేదు. మంచానికి గుంజలు కట్టి మోసుకొని రోడ్డెక్కించి, దగ్గరలోని ఒక ఆస్పత్రికి తీసుకపోయినం. ఎక్స్‌రే మిషన్ ఉంది. దాని మీద దుప్పటి కప్పి ఉంది. తీసేటాయన డిప్యుటేషన్ మీద వేరే ఊరికి పోయి నెలలైందని చెప్పారు. డాక్టరు చేత్తో చూసి, "ఎముక విరిగినట్టే ఉంది, ఎక్కడ విరిగిందో ఫొటో లేకుండా చెప్పలేను" అన్నాడు. ఆయన తప్పేం లేదు. దాదాపు 100 కిలోమీటర్లు జీపులో పోయి ఇంకో ఊళ్ళో ఫొటో తీయించినం. ప్రతి గుంతకు చిన్నాయన అరిచిన అరుపు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

మిషన్ కొనడానికి లక్షలు ఖర్చవుతాయి. అది పనిచేయడానికి కావలసింది రెండు మూడేండ్లు చదివిన ఒక మనిషి. ఆ మనిషి లేకపోతే లక్షల మిషన్ దుప్పటి కప్పుకొని పడుకుంటుంది. ఆ మనిషి ఈ మట్టిలో పుట్టినవాడైతే డిప్యుటేషన్ల కోసం పట్నం చుట్టూ తిరగడానికి అంత తొందరపడడు. నా ఆలోచన అక్కడ మొదలైంది.

తర్వాత మా అక్క బిడ్డ ఇంటరు బైపీసీ పూర్తి చేసింది. ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "మామా, పారామెడికల్ నోటిఫికేషన్ పడ్డది. ల్యాబు కోర్సా, ఎక్స్‌రే కోర్సా అని అడుగుతున్నరు. ఏది పెట్టుకోవాలె?" అంది. నేను ఎక్స్‌రే పెట్టుకోమన్నాను. ఇంట్లో పెద్ద లొల్లి అయింది.

లొల్లి చేసింది మా అమ్మ. ఆమె మాటల్లో అర్థం ఉంది. "యురేనియం వద్దని మనమే గదరా రోడ్డు మీద కూసున్నది. రేడియేషన్ వస్తే పిల్లలు పుట్టరని, పుట్టినా అవిటోళ్ళు పుడతరని మీ సార్లే గదా చెప్పింది. ఇప్పుడు ఆడపిల్లను పట్టుకపోయి ఆ రేడియేషన్ల పెడతనంటవు. గదేం తెలివి?"

ఈ ప్రశ్న మా అమ్మ ఒక్కతిదే కాదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మన జనం రేడియేషన్ అనే మాటను ఆస్పత్రిలో వినలేదు, ఉద్యమంలో విన్నారు. 2003లో నాగార్జునసాగర్ పక్కన పెద్దవూర మండలం లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. తండాల జనం వద్దన్నారు. 2019లో మా అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణ అనే వార్త వచ్చింది. నల్లమల అంతా కదిలింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ భయం మనను కాపాడిన భయం. దాన్ని మూఢనమ్మకం అని ఎవరైనా నవ్వితే నేను ఒప్పుకోను. కానీ ఆ భయాన్నే ఎక్స్‌రే గది గుమ్మం దాకా మోసుకపోతే నష్టపోయేది మన పిల్లలే. అందుకని రెండింటికీ ఉన్న తేడా తెలుసుకోవాలి.

మా అమ్మకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. యురేనియం పొయ్యిలో ఆరని నిప్పు లాంటిది. పగలూ రాత్రీ దానంతట అదే కిరణాలు విడుస్తూ ఉంటుంది. నేల లోపల ఉన్నప్పుడు రాయి కింద అణిగి ఉంటుంది. తవ్వి పొడి చేసి బయట పోస్తే గాలిలో, నీళ్ళలో కలుస్తుంది. దానికి స్విచ్చి లేదు. ఎక్స్‌రే మిషన్ టార్చిలైటు లాంటిది. లోపల ఒక గాజు గొట్టం ఉంటుంది. కరెంటును వేల వోల్టులకు పెంచి, ఎలక్ట్రాన్లను టంగ్‌స్టన్ లోహం మీద వేగంగా కొట్టిస్తారు. ఆ దెబ్బకు కిరణాలు పుడతాయి. బటన్ నొక్కినప్పుడు రెప్పపాటు సేపు వస్తాయి, వదిలితే ఉండవు. గదిలో మిగలవు, రోగి ఒంట్లో మిగలవు, గోడకు అంటుకోవు. కరెంటు లేని ఎక్స్‌రే మిషన్ ఇనుప బీరువాతో సమానం.

అయితే టార్చి వెలుగుతున్నంత సేపు అది వెలుగే. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. ఏం కిరణాలో తెలియక లెక్కల్లో తెలియని దానికి పెట్టే 'ఎక్స్' పేరు పెట్టాడు. దాని మీద పేటెంటు తీసుకోలేదు, లోకానికి వదిలేశాడు. మొదటి రోజుల్లో పనిచేసినవాళ్ళకు దీని దెబ్బ తెలియదు. మిషన్ సరిగా ఉందో లేదో తమ చేతినే అడ్డం పెట్టి చూసుకునేవాళ్ళు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పాడై 1904లో చనిపోయాడు. అట్లా చనిపోయిన వైద్యులు, టెక్నీషియన్ల పేర్లతో 1936లో జర్మనీలోని హాంబర్గ్ పట్టణంలో ఒక స్మారక శిల నిలిపారు. మొదట అందులో చెక్కినవి 169 పేర్లు. ఈనాడు ఈ పనికి ఉన్న ప్రతి నిబంధన వెనుక అట్లాంటి ప్రాణాలు ఉన్నాయి.

ఆ నిబంధనలు మన దేశంలో చూసేది అణుశక్తి నియంత్రణ మండలి. దాన్ని 1983లో స్థాపించారు. ఎక్స్‌రే గదిలో పనిచేసే మనిషికి ఐదేండ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు అని అది హద్దు పెట్టింది. మిల్లీసీవర్టు అనేది ఒంటికి తగిలిన రేడియేషన్‌కు కొలత. ఏ ఆస్పత్రికీ పోని మనిషికి కూడా నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 దాకా తగులుతూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించుకుంటే రోగికి తగిలేది 0.02 నుంచి 0.1 దాకా. సీటీ స్కానుకు అంతకు పదుల రెట్లు ఎక్కువ. ఎక్స్‌రే తీసే మనిషి ఆ కిరణాల దారిలో నిలబడడు. సీసపు అడ్డు వెనుక నిలబడి బటన్ నొక్కుతాడు.

కాపాడుకునే సూత్రాలు మూడు. సమయం తగ్గించు, దూరం పెంచు, అడ్డు పెట్టుకో. దూరం సంగతి పిల్లలకు క్లాసులో టార్చితో చూపిస్తాను. గోడకు ఒక అడుగు దూరంలో టార్చి పెడితే పడే వెలుగు వలయాన్ని సుద్దముక్కతో గీయిస్తాను. రెండడుగుల దూరం నుంచి మళ్ళీ గీయిస్తాను. వలయం అడ్డం రెండింతలవుతుంది, వైశాల్యం నాలుగింతలవుతుంది. అంతే వెలుగు నాలుగింతల చోటులో పరుచుకుంటే ఒక్కో చోట పడేది నాలుగో వంతే. రెండింతల దూరం జరిగితే దెబ్బ నాలుగో వంతు అని పిల్లలు తామే చెబుతారు. పుస్తకంలో ఇది పెద్ద సూత్రం. గోడ మీద సుద్దగీత.

ఎక్స్‌రే గదిలో పనిచేసేవాళ్ళు ఛాతీ దగ్గర ఒక చిన్న బ్యాడ్జి పెట్టుకుంటారు. టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. సీసపు ఏప్రాన్ తొడిగితే బ్యాడ్జి దాని లోపల ఉండాలి. ఒంటికి ఎంత తగిలిందో అది లెక్క పెడుతుంది. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపి లెక్క రాయించాలి. గర్భంతో ఉన్న ఉద్యోగిని ఆ సంగతి ముందే చెబితే కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని మార్చి ఇవ్వాలి. పద్దెనిమిదేండ్లు నిండనివాళ్ళను రేడియేషన్ ఉద్యోగంలో పెట్టుకోకూడదు. ఇవి దయతో ఇచ్చేవి కావు, హక్కులు. బ్యాడ్జి ఇవ్వని చోట పని చేయనని చెప్పే ధైర్యం కూడా చదువుతో పాటు నేర్చుకోవాలి.

ఇదంతా విన్నాక మా అమ్మ ఒకటే అడిగింది. "ఆ బిళ్ళ పెట్టుకుంటే ఎంత తగిలిందో కాయితం మీద వస్తదా?" వస్తుందని చెప్పాను. "మరి గనుల కాడ మనకు బిళ్ళలిస్తరా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. బిడ్డను పంపడానికి మాత్రం ఒప్పుకుంది.

ఇక ఈ పని మన ప్రాంతానికి ఎంత దగ్గరిదో చెబుతాను. నల్లగొండ పేరు ప్రపంచ వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది ఎముకల వల్లనే. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చు వేశాడు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళు తాగినవాళ్ళ పండ్లు గారపట్టడం, నడుములు వంగడం, కాళ్ళు దొడ్డిగా మారడం మనం కండ్లతో చూశాం. పండ్ల గార పైకి కనిపిస్తుంది. లోపల ఎముకకు ఏమైందో చెప్పింది ఎక్స్‌రే. ఫ్లోరైడు పేరుకున్న వెన్నుపూసలు ఫిల్ము మీద సుద్ద రాసినట్టు తెల్లగా వస్తాయి. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. వాటి మధ్య ఉండే పలుచటి పొర గట్టిపడి ముండ్లు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. కీళ్ళను కట్టి ఉంచే నారలు కూడా సున్నం పట్టి బిగుసుకపోతాయి. కీళ్ళవాతం అనుకొని ఏండ్ల తరబడి నొప్పి గోలీలు మింగిన మనిషికి అసలు రోగం నీళ్ళలో ఉందని చెప్పడంలో ఆ ఫొటోకు పెద్ద పాత్ర ఉంది.

తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారు చేశారు. దాని పేరు కూడా నల్లగొండ పద్ధతే. ఇప్పుడు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. కానీ పాత నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ ఎముకలు మళ్ళీ మొదటికి రావు. వాళ్ళకు ఇంకా చాలా ఏండ్లు ఎక్స్‌రే గది అక్కర ఉంటుంది.

మా చెంచు పెంటల్లో పెద్ద రోగం క్షయ. దగ్గు మొదలై, మనిషి సన్నబడి, మందులు మధ్యలో మానేసి పోయినవాళ్ళు ప్రతి పెంటలో ఉన్నారు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగంలో మచ్చలు, గుంతలు కనిపిస్తే అనుమానం వస్తుంది. గళ్ళ పరీక్షతో రోగం ఖాయమవుతుంది. పాలమూరు వాళ్ళు వలస పోయి రాతి క్రషర్లలో, పలుగురాయి మిల్లుల్లో పనిచేశారు. వాళ్ళ ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకొని వచ్చే సిలికోసిస్ కూడా పైకి చూస్తే క్షయ లాగానే దగ్గు, ఆయాసం. రెండింటికీ మందు ఒకటి కాదు. కాబట్టి ఫొటో సరిగా తీయడం ముఖ్యం. ఊపిరి నిండా పీల్చి పట్టకుండా తీస్తే మచ్చ లేని చోట మచ్చ ఉన్నట్టు, ఉన్న చోట లేనట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మిషన్లు వచ్చాయి. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో అట్లాంటివి ఊళ్ళకు తీసుకపోయారు. ఇది కొత్త ఆలోచన కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ క్యూరీ మోటారు బండ్లలో ఎక్స్‌రే మిషన్లు పెట్టి యుద్ధభూమికి పంపింది. వాటిని నడపడానికి దాదాపు 150 మంది ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చింది. రోగి మిషన్ దగ్గరికి రాలేనప్పుడు మిషనే రోగి దగ్గరికి పోవాలి. అప్పాపూర్ లాంటి అడవి లోపలి పెంటలకు మిషన్‌తో పోవాల్సివస్తే దారి తెలిసిన మనిషి, ఆ జనం నమ్మే మనిషి కావాలి కదా.

నమ్మకం మాట ఊరికే అనడం లేదు. ఎక్స్‌రే గదిలో పని సగం మిషన్‌తో, సగం మనిషితో. గదిలో చీకటి, చల్లటి పలక, పైన పెద్ద గొట్టం. "మెడలోవి తీయి, చొక్కా విప్పు, కదలకు, గాలి పీల్చు, ఆపు" అని వరుసగా హుకుములు వేస్తే మన ముసలోళ్ళు బిగుసుకపోతారు. దేవరకొండ, చందంపేట తండాల నుంచి వచ్చే లంబాడీ అవ్వల సంగతి చూడండి. రవికకు అద్దాలు, రూపాయి బిళ్ళలు, జడకు టోప్లీలు, చేతులకు మోచేతి పైదాకా బలియాలు. లోహం, అద్దం అన్నీ ఫిల్ము మీద తెల్లటి మచ్చలై ఎముకను కప్పేస్తాయి. తీయక తప్పదు. భర్త ఉండగా బలియా తీయకూడదని నమ్మే అవ్వకు ఆ మాట ఎట్లా చెప్పాలి? గోరుబోలిలో "అవ్వా, ఫొటో అయినంక నేనే తొడుగుతా" అని చెప్పే ఒక అమ్మాయి ఆ గదిలో ఉంటే ఆ అవ్వ భయం సగం తగ్గుతుంది. వయసులో ఉన్న ఆడవాళ్ళను "నెల తప్పిందా" అని అడగకుండా కడుపు ఎక్స్‌రే తీయకూడదు. ఆ ప్రశ్నకు నిజం జవాబు రావాలంటే అడిగే మనిషి మీద నమ్మకం ఉండాలి. తాడు పట్టే బావమరిది మీద ఉండే నమ్మకం లాంటిదే అది.

ఈ పని హద్దులు కూడా తెలియాలి. ఫొటో తీయడం టెక్నీషియన్ పని. చదివి రోగం పేరు చెప్పడం రేడియాలజిస్టు డాక్టరు పని. నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసి దాన్ని నిలబెట్టిన కాకర్ల సుబ్బారావు గారు రేడియాలజిస్టే. గర్భిణులకు అల్ట్రాసౌండ్ చేయడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద అర్హత గల డాక్టరుకే చెందుతుంది. "నువ్వే చేసెయ్" అని ఎవరైనా అంటే చేయకూడదు. అల్ట్రాసౌండ్‌లో, ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. ఎంఆర్ఐలో ఉండేది బలమైన అయస్కాంతం. ఇనుప వస్తువు దగ్గరికి పోతే బాణం లాగా లాక్కుంటుంది. అక్కడి జాగ్రత్తలు వేరు.

చదువు సంగతి. ఇంటరు తర్వాత తెలంగాణ పారామెడికల్ బోర్డు కింద మెడికల్ ఇమేజింగ్ టెక్నీషియన్ డిప్లొమా రెండేండ్లు. బైపీసీ వాళ్ళకు మొదటి ప్రాధాన్యం. డిగ్రీ కావాలనుకుంటే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ ఉంది. మన చుట్టుపక్కల మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మా కాలంలో పాలమూరు దాటితే హైదరాబాదే. ఇప్పుడు జిల్లాల్లోనే పెద్దాసుపత్రులు, సీటీ స్కానులు వచ్చాయి. గిరిజన రిజర్వేషన్ 2022 సెప్టెంబరులో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2021లో వచ్చిన జాతీయ చట్టం ఈ పనివాళ్ళను అనుబంధ ఆరోగ్య వృత్తిదారులుగా గుర్తించి రిజిస్ట్రేషన్ పెట్టింది.

చేదు మాటలు కూడా చెప్పాలి. డిప్లొమా చేతిలో పడగానే సర్కారు ఉద్యోగం రాదు. నోటిఫికేషన్లు ఏండ్లకోసారి పడతాయి. మధ్యలో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లు. మొదట్లో జీతం పట్నంలో గది కిరాయికి, తిండికి సరిపోతే గొప్ప. రాత్రి డ్యూటీలుంటాయి. కదలలేని రోగులను ఎత్తాలి, పక్కకు తిప్పాలి, నడుము నొప్పి వస్తుంది. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో గోడ మీద మిషన్ బొమ్మ ఉంటుంది, గదిలో మిషన్ ఉండదు. పిల్లల స్కాలర్‌షిప్ కోసమే నడుస్తాయి. చేరేముందు మూడు అడగండి. బోర్డు గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? ప్రాక్టికల్స్ ఏ ఆస్పత్రిలో, వారానికి ఎన్ని రోజులు? శిక్షణలో బ్యాడ్జి ఇస్తారా? జవాబు తిన్నగా రాకపోతే అక్కడి నుంచి లేచి రండి. వీలైనంత వరకు ప్రభుత్వ కళాశాల సీటుకే ప్రయత్నించండి.

మా అక్క బిడ్డ ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. ఒక జిల్లా ఆస్పత్రిలో ప్రాక్టికల్స్ చేస్తోంది. హాస్టల్ స్నేహితురాలి దగ్గర గోరుబోలి నాలుగు ముక్కలు నేర్చుకుంది. ఈ మధ్య సెలవులకు వచ్చినప్పుడు తనకు ఎక్కువ కష్టమనిపించింది మిషన్ కాదని చెప్పింది. "మామా, దగ్గుకుంట వచ్చిన ముసలోళ్ళకు ఊపిరి పట్టమంటే పట్టలేరు. నేను కూడా వాళ్ళ తోని పీల్చి పట్టి చూపిస్త. అప్పుడు పడతరు" అంది. ఇరవై ఏండ్లు పాఠాలు చెప్పిన నాకు అది మంచి బోధనా పద్ధతి అనిపించింది.

టీచరు మిత్రులకు ఒక మాట. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఏడాదికోసారి దగ్గరి పెద్దాసుపత్రికి తీసుకపోండి. ముందే సూపరింటెండెంటు గారి అనుమతి తీసుకొని ల్యాబు, మందుల గది, ఎక్స్‌రే గది బయటి నుంచైనా చూపించండి. అక్కడ పనిచేసేవాళ్ళతో పది నిమిషాలు మాట్లాడించండి. తిరిగొచ్చాక నా ప్రశ్నే అడగండి. జవాబుల్లో కొత్త పేర్లు వినిపిస్తాయి. ఇంటరులో బైపీసీ తీసుకోవడానికి భయపడే పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, లెక్కలు లేని సైన్సుతో కూడా దారులున్నాయని పదో తరగతిలోనే చెప్పండి.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చివరి మాట. మనోళ్ళకు సీటు పోయేది ఎక్కువసార్లు మార్కుల దగ్గర కాదు, కాగితాల దగ్గర. పెంటల్లో పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, పదో తరగతి మెమోలో ఒక తీరు ఉంటుంది. ఇంటరు ఫలితాలు వచ్చేదాకా ఆగకండి. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, మెమోలు అన్నిట్లో పేరు ఒకే తీరుగా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే మీ బడి సారు దగ్గరికి పోండి. దరఖాస్తు రాసిపెట్టడం మా పనే.